రోగికీ ఒక వాటా

ఇంట్లో ఒకరికి డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పినప్పుడు కుటుంబమంతా అడిగే ప్రశ్నలు రెండు. ఎంత ఖర్చవుతుంది? ఎన్నాళ్లు బతుకుతారు? మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు అరుదు. ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారు? మొదటి రెండింటి జవాబూ చాలావరకు ఈ మూడోదాని మీదే ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. ఈ అధ్యాయమంతా దాని గురించే.

లెక్క వేసి చూడండి. మామూలుగా డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వారంలో 168 గంటలుంటే మిషన్ మీద గడిచేవి 12. మిగిలిన 156 గంటలూ ఇంటివే. బాగున్న కిడ్నీలు రాత్రీ పగలూ ఆగకుండా చేసే పనిని మిషన్ ఆ 12 గంటల్లో కొంతమేరకే చేయగలదు. మిగతా భారమంతా ఏం తిన్నారు, ఎంత తాగారు, మందులు వేళకు వేసుకున్నారా, సూదులు గుచ్చే చెయ్యి జాగ్రత్తగా చూసుకున్నారా అన్నవాటి మీద పడుతుంది. డాక్టరు మంచివాడైతే చాలనుకునే ఇళ్లు ఇక్కడే దెబ్బతింటాయి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం పేరు మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా వస్తోంది. ఎండలో చెమటోడ్చి పనిచేయడం, నీళ్లు సరిపడా తాగకపోవడం, తాగే నీటిలో ఉన్నవేవో, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో కారణాలు పరిశోధకుల ముందుకొచ్చాయి గానీ ఇదీ అని ఒక్కదాన్ని ఇంకా తేల్చలేదు. ఒకప్పుడు అక్కడివాళ్లు డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా పోవాల్సివచ్చేది. తర్వాత సోంపేట, పలాస ఆసుపత్రుల్లో మిషన్లు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీళ్లను హిరమండలం నుంచి ఆ ఊళ్లకు అందించే పథకం కూడా అప్పుడే మొదలైంది. మా పెద్దమ్మ మెట్టింది అక్కడే, కొబ్బరితోటల మధ్య ఒక ఊళ్లో. పెదనాన్నకు 2018లో డయాలసిస్ మొదలైంది.

కొబ్బరి పండించే ఇంట్లో కొబ్బరినీళ్లు మానేయమనడం ఎంత కష్టమో బయటివాళ్లకు అర్థం కాదు. అక్కడ ఏ ఇంటికి వెళ్లినా ముందు చేతిలో పెట్టేది బొండమే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనప్పుడు అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ముందు ఏ హెచ్చరికా ఉండదు. కాబట్టి ఇల్లంతా కాపలాకు దిగింది. పెద్దకొడుకు తోట చూసుకోసాగాడు, చిన్నకొడుకు డబ్బు వ్యవహారాలు అందుకున్నాడు, పెద్దమ్మ వంట, మందులు, బండి ప్రయాణం, రాత్రి తోడు అన్నీ ఒక్కతే మోసింది. పెదనాన్న అరుగు మీద కుర్చీలో కూర్చునేవాడు. "ఏ పనీ సెయ్యనివ్వట్లేదు బాబూ, కుర్చీ దిగనివ్వట్లేదు" అని పెద్దమ్మ నాతో ప్రేమగానే చెప్పింది. ఆయన్ని పలకరిస్తే వచ్చిన మాట వేరు: "నా పనేటున్నాదిరా ఇంట్లో? తినడం, బండెక్కడం, మిషనెక్కడం. అంతే."

తిండి తగ్గిపోయింది, మాట తగ్గిపోయింది. దాహం మాత్రం తగ్గలేదు. ఎవరూ చూడనప్పుడు చెంబు ఎత్తేవాడు. మిషన్ ఎక్కేసరికి ఒంట్లో మూడు నాలుగు కిలోల నీరు చేరి ఉండేది. అంత నీటిని నాలుగు గంటల్లో లాగాలంటే బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. ఇంటికొచ్చాక రెండోరోజు దాకా లేవలేకపోయేవాడు. మొండితనం అని కొడుకులు విసుక్కునేవారు. నాకు అది మొండితనంలా కనిపించలేదు. ఊళ్లో తోట తగాదాలు తీర్చిన మనిషికి ఇంట్లో తన మాటతో నడిచేది ఒక్కటీ లేకుండా పోయింది. చెంబెడు నీళ్లు ఒక్కటే ఆయన ఇష్టానికి మిగిలింది.

అదే ఏడాది అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు వేలాదిగా నేలకొరిగాయి. కరెంటు లేదు, దారుల మీద చెట్లు. పెదనాన్నకు ఒక విడత డయాలసిస్ తప్పిపోయింది. దారి తెరిచాక విశాఖ తీసుకెళ్లారు, గట్టెక్కాడు. ఆ తర్వాత జరిగింది చెప్పాలి. నష్టపరిహారం కోసం చెట్ల లెక్క రాయించాల్సి వచ్చింది. ఏ గట్టు పక్కన ఎన్ని చెట్లు, ఏవి కాపుకొచ్చినవి, ఏవి లేతవి, హద్దురాయి ఎక్కడ పాతారు, ఇవేవీ కొడుకులకు పూర్తిగా తెలియవు. పెదనాన్నకు తెలుసు. అరుగు మీద కూర్చునే, కళ్లు మూసుకుని, వరసలవారీగా చెప్పాడు. పెద్దకొడుకు రాసుకున్నాడు. ఆ పని రోజుల తరబడి సాగింది. ఆ తర్వాత కొత్త మొక్కలు ఎంతెంత ఎడంగా వెయ్యాలి, మధ్యలో ఏ పంట వేసుకోవచ్చు అన్న చర్చ మొదలైంది. అందులో చివరి మాట ఆయనదే.

మిషన్ మారలేదు, మందులు మారలేదు. మనిషి మారాడు. నీళ్ల విషయంలో తనంత తానే లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బరువు చూసే తూకం మంచం పక్కన పెట్టించుకుని పొద్దున్నే ఎక్కి, మనవడి పాత నోటుబుక్కులో రాసేవాడు. డాక్టరు దగ్గరికి ఆ పుస్తకం ఆయన చంకలోనే వెళ్లేది.

జయప్రకాశ్ నారాయణ్ గుర్తొస్తారు నాకు. 1975లో ఎమర్జెన్సీ నిర్బంధంలో ఆయన కిడ్నీలు పాడయ్యాయి. అప్పటినుంచి 1979లో కన్నుమూసేదాకా డయాలసిస్ మీదే ఉన్నారు. జనతా పార్టీని కూడగట్టి 1977 ఎన్నికల్లో దేశాన్ని కదిలించింది ఆ నాలుగేళ్లలోనే. అంతటి పని అందరికీ ఉండక్కర్లేదు. మన ఇంట్లోవాళ్లకు ఏదో ఒక పని, తనదంటూ ఉన్నది, ఉంటే చాలు.

అందుకే నా మొదటి సలహా ఇది. మొదటి వారంలోనే అందరూ కలిసి కూర్చుని పనులు పంచుకోండి. పంపకంలో రోగికీ ఒక వాటా ఇవ్వండి, అదీ నామమాత్రంగా కాదు.

రోగి చేతిలో ఉండాల్సిన పనులు

అంకెలు రోగివే. రోజూ పొద్దున లేచాక బరువు, బీపీ, షుగరు ఉంటే అది, రోజంతా తాగిన నీళ్లు. ఒంట్లో చేరిన ఒక లీటరు నీరు తూకంలో ఒక కిలోగా కనిపిస్తుంది కాబట్టి మోసానికి తావుండదు. ఎంత తాగాలో ప్రతి ఒక్కరికీ వేరుగా ఉంటుంది, వచ్చే మూత్రాన్ని బట్టి డాక్టరు చెబుతారు. ఆ కొలతకు సరిపడా సీసా పొద్దున్నే నింపి పెట్టుకోవడం మంచి పద్ధతి. టీ తాగితే, మజ్జిగ తాగితే, చారు పోసుకుంటే ఆ మేరకు సీసాలోంచి ఒంపేయాలి. దాహానికి అసలు మూలం ఉప్పు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు కంచంలోంచి తీసేయకుండా నీళ్లు తగ్గించమనడం మనిషిని హింసించడమే. ఉప్పు తగ్గిద్దామని బజారులో దొరికే సోడియం తక్కువ ఉప్పు కొనేవాళ్లున్నారు. అందులో చాలావాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. ఈ రోగులకు అది ప్రమాదం.

మిషన్‌కు రక్తం అందించేందుకు చేతికి వేసిన ఫిస్టులా కూడా రోగి బాధ్యతే. రక్తనాళాలు రెండింటిని కలిపి కుట్టే ఈ పద్ధతి 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, చిమినో బృందం లోకానికి చెప్పినది. నేటికీ అన్నిటికంటే నమ్మకమైన దారి అదే. అది తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి డాక్టరు ముందుగా వేయించుకోమన్నప్పుడు వాయిదా వేయకండి. ఫిస్టులా మీద వేళ్లు పెడితే జుమ్మని కదలిక తెలుస్తుంది. రోజూ పొద్దున అది చూసుకోవాలి. ఆగిపోతే ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బరువులు మోయకూడదు, ఆ చెయ్యి కిందపెట్టి పడుకోకూడదు. పెదనాన్న ఇంట్లో ఇందులో మనవరాలికీ ఒక వంతు ఉండేది. బడికెళ్లే ముందు తాత చేతి మీద వేళ్లు పెట్టి "వస్తోంది" అని చెప్పి వెళ్లేది. పిల్లలను జబ్బుకు దూరంగా ఉంచాలనుకుంటాం. ఇలాంటి చిన్న పని ఇస్తే వాళ్ల భయం తగ్గుతుందని నేను కళ్లారా చూశాను. ఫిస్టులా బదులు మెడకో తొడకో డయాలసిస్ ట్యూబు ఉన్నవాళ్లు మాత్రం చలిజ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరం అనుకోకూడదు. వెంటనే డయాలసిస్ కేంద్రానికి చెప్పాలి.

ఉద్యోగం, వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని వదిలేయాలని తొందరపడకండి. మా వీధి దర్జీ ఒకాయన డయాలసిస్ కేంద్రంలో మాట్లాడి పొద్దున్నే మొదలయ్యే విడతలో చోటు అడిగి తీసుకున్నాడు. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం కొట్టు. పెద్ద పనులు ఒప్పుకోడు, జాకెట్లు కుట్టడం మాత్రం ఆపలేదు. వీలున్నవాళ్లకు ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ కూడా ఉంది. కడుపులో అమర్చిన ట్యూబు ద్వారా ద్రవం నింపి తీయడం, సాధారణంగా రోజుకు మూడు నాలుగుసార్లు. చేతుల శుభ్రత తప్పనిసరి. కేంద్రం దూరమైన ఊళ్లవాళ్లు దీని గురించి డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

వంట ఇంటి పని, ఒక్కరి పని కాదు

మన ఇళ్లల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. డయాలసిస్‌కు ముందు డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. మొదలయ్యాక పెంచమంటారు, ఎందుకంటే మిషన్ మీద అవి కొంత పోతాయి. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా మాంసకృత్తులు అవసరం. ఇంట్లో మాత్రం పాత చప్పిడి తిండే సాగుతుంది. పెద్దమ్మ కూడా జావలూ గంజీ పెడుతూ వచ్చింది. ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు చెప్పాకే గుడ్డు తెల్లసొన, చేప, కోడి కొలత ప్రకారం కంచంలోకి వచ్చాయి. శాకాహారులు పప్పు, పెరుగు, పనీర్ ఎంతెంత తినవచ్చో అడిగి రాయించుకోవాలి.

కూరగాయలను చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో నానబెట్టి, మళ్లీ వేరే నీళ్లలో ఉడికించి వార్చేస్తే పొటాషియం చాలావరకు పోతుంది. రుచి కూడా పోతుంది, నిజమే. నిమ్మరసం, జీలకర్ర, వెల్లుల్లి, మిరియాలు ఆ లోటు తీరుస్తాయి. అరటిపండు, బత్తాయి, పళ్లరసాలు, టమాటా, ఆకుకూరలు డాక్టరు చెప్పిన మేరకే. నక్షత్ర ఫలం అనే పుల్లని పండు మాత్రం ముట్టనే కూడదు, కిడ్నీ రోగుల మెదడును దెబ్బతీస్తుంది.

వారంలో మూడు విడతలంటే ఎక్కడో ఒకచోట రెండు రోజుల ఎడం వస్తుంది. చాలామందికి అది ఆదివారం చుట్టూ పడుతుంది. చుట్టాలు, మాంసం కూర, పెరుగన్నం, పండు, అన్నీ ఆ రోజే. గుండెకు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ పొడుగు ఎడం చివర్లోనే అని వైద్యులు గుర్తించారు. వారమంతా పాటించి ఆదివారం వదిలేయడం కంటే, ఆదివారం గట్టిగా పాటించడం మేలు. ఆ ఒక్కపూటా ఇంటిల్లిపాదీ అదే ఉప్పు తక్కువ కూర తింటే రోగికి అంతకంటే పెద్ద ఓదార్పు ఉండదు.

తుపాను ప్రాంతాలవాళ్లు, వరద వచ్చే ఊళ్లవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. డయాలసిస్ తప్పిపోయేలా ఉందని తెలిసిన క్షణం నుంచే నీళ్లు సగానికి తగ్గించి, పళ్లు, ఆకుకూరలు, ఉప్పు పూర్తిగా ఆపాలి. ఇంకెక్కడ మిషన్ ఉందో ఫోన్ నంబర్లు ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పొటాషియం తగ్గించే పొడి ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టరును వానాకాలానికి ముందే అడగండి.

కాగితాల మనిషి, చుట్టాల మనిషి

ఇంట్లో చదువుకున్న కుర్రాళ్లెవరైనా ఉంటే కాగితాలు వాళ్లకు అప్పగించండి. ఆరోగ్యశ్రీ కింద తెలుగు రాష్ట్రాల్లో డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేని ఆసుపత్రులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఆ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో ఉంది. డయాలసిస్ రోగులకు రెండు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది. వైద్యం కోసం రైల్లో వెళ్తే స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు మీద 75 శాతం రాయితీ ఉంది, తోడు వెళ్లే ఒకరికీ అది వర్తిస్తుంది. ఇవన్నీ అడిగితేనే వస్తాయి, వెతికితేనే దొరుకుతాయి. అందుకే దీనికి ఒక మనిషి కావాలి.

చుట్టాలను చూసుకోవడానికీ ఒక మనిషి కావాలి. పరామర్శకు వచ్చే ప్రతివారి దగ్గరా ఒక మందు ఉంటుంది. రాళ్లకు పనిచేసిన ఆకు పసరు, పక్క ఊరి నాటు వైద్యుడు, ఎవరికో క్రియాటినిన్ తగ్గించిన పొడి. కిడ్నీలో రాయి వేరు, కిడ్నీ పనిచేయకపోవడం వేరు. ఇలాంటివి వాడి, మిగిలిన కాస్త మూత్రాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లను నేను ఎరుగుదును. "మిషన్ ఎక్కితే ఇక అలవాటైపోతుంది, దిగలేరు" అనే మాట ఇంకా పెద్ద చేటు. మిషన్ వల్ల కిడ్నీలు పోవు. అవి పోయాకే మిషన్ అవసరమవుతుంది. ఈ మాటలు రోగి చెవిన పడకుండా, వచ్చినవాళ్లను నొప్పించకుండా మాట్లాడగలిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. పెదనాన్న ఇంట్లో ఆ పని చిన్నకోడలు చేసింది.

ఎన్నాళ్లు బతుకుతారన్న ప్రశ్నకు వద్దాం. దీర్ఘకాలిక డయాలసిస్‌కు దారి చూపింది 1960లో సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. అదీ యంత్రాలు, మందులు ఇప్పటితో పోలిస్తే ఎంతో మోటుగా ఉన్న రోజుల్లో. వయసు, గుండె, షుగరు బట్టి ఒక్కొక్కరిది ఒక్కో తీరు. పెదనాన్న డయాలసిస్ మీద ఐదేళ్లు బతికి 2023 వేసవిలో గుండెపోటుతో పోయాడు. చివరి ఏడాదీ మొక్కలకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో ఆయనే చెప్పాడు.

కిడ్నీ ఇచ్చే మాట వచ్చినప్పుడు

కిడ్నీ మార్పిడి వీలైనవాళ్లకు డయాలసిస్ కంటే అదే మేలు. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, తాత అవ్వలు, మనవలు చట్టప్రకారం దగ్గరి బంధువులు. మన దేశంలో బతికుండి ఇచ్చే దాతల్లో ఆడవాళ్లే ఎక్కువ. భార్య, తల్లి, అక్క. ఇది త్యాగమని పొగిడి ఊరుకునే విషయం కాదు. ఇంట్లో అందరి చూపులూ ఒకరి మీదే నిలిచినప్పుడు ఆ మనిషి ఇష్టంతో ఒప్పుకుందో, కాదనలేక ఒప్పుకుందో ఎవరు చెప్పగలరు? దాతను డాక్టరు ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడే వీలు కల్పించండి. వద్దంటే ఆ మాటను ఇంట్లో మళ్లీ ఎత్తకండి. జీవన్‌దాన్‌లో పేరు రాయించడం మాత్రం ఆలస్యం చేయకండి. మరణించినవారి అవయవాలను వరస ప్రకారం అందించే ఈ పథకం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది.

చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారు?

పెద్దమ్మ సంగతి చివరికి ఉంచాను. ఐదేళ్లూ ఆమె తన గురించి ఒక్కసారీ చెప్పలేదు. తలనొప్పి వస్తే జండూబామ్ రాసుకుని పడుకునేది. మోకాళ్ల నొప్పికి మందుల కొట్టులో మాత్రలు కొని మింగేది, ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకు ఎంత చేటో ఆ ఇంట్లోనే అందరికీ తెలిసినా. ఒకరోజు డయాలసిస్ కేంద్రంలో నర్సు సరదాగా ఆమెకూ బీపీ చూసింది. పై అంకె 180. ఎన్నాళ్లనుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి వారంలో ఒక విడత ప్రయాణం పెద్దకొడుకు తీసుకున్నాడు, ఒకటి చిన్నకొడుకు తీసుకున్నాడు. పెద్దమ్మ ఆ రోజుల్లో గుడికి వెళ్లింది, చెల్లెలి ఇంటికి వెళ్లింది, కొన్నిసార్లు ఊరికే పడుకుంది. మందులు వేసుకుంటోంది, ఇప్పుడు బాగుంది.

మీ ఇంట్లో రోగిని చూసుకుంటున్న మనిషికి ఈ నెలలోనే బీపీ, షుగరు చూపించండి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు కూడా చేయించండి. షుగరో బీపీయో ఉన్న మిగతావాళ్లందరికీ ఏడాదికోసారి అవే పరీక్షలు చేయించండి. కిడ్నీ జబ్బు చాలాదూరం వచ్చేదాకా ఒంట్లో ఏ బాధా తెలియనివ్వదు.